మూడు అల్లం బస్తాలు

కొత్త కారు బొమ్మ పడ్డ పత్రికని
సెమిలిగుడలో ముగ్గురం మూడు వారాలుగా చదువుతున్నాం.
మడత దగ్గర చిరిగితే
జోగేష్ పండా నల్ల టేపు అంటించాడు,
సరిగ్గా ఇంజను ఉన్నచోట.

దాని ఇంజను నడుం దగ్గర.
డ్రైవరు వీపు వెనక, వెనక చక్రాలకి ముందు,
పిల్లని వీపున కట్టుకుని
కొండెక్కే మనిషిలా.

పండా సునాబెడాలో విమాన ఇంజన్ల ఫిట్టరు.
"ముందు నలభై రెండు, వెనక యాభై ఎనిమిది"
అంటాడు, జాతకం చదివినట్టు.
నేను బ్యాటరీల కొట్టువాణ్ణి.
నా ఓటు ముక్కులో ఇంజనున్న పాత జర్మనీ దానికి.
పొడుగు ముక్కుకి ఒక ఠీవి ఉంటుంది,
ఎవరేమన్నా.

తోకలో ఇంజనున్నది ఇంకోటుంది పోటీకి.
దాన్ని కుసుమ ఒక్కమాటతో కొట్టేసింది:
"అది ఆటోయే బావూ.
ఎనక బరువు, ముందు గాలి.
వానలో సుంకి ఘాటు దిగి సూడు,
ఎటెల్తాదో నీకే తెలుస్తాది."

పైల కుసుమ పదకొండేళ్లుగా
సాలూరుకి అల్లం తోలుతోంది, పాత ఓమ్నిలో.
ఇంజను ఆమె సీటు కిందే.
"మరి నాదీ నడుం బండే గదేటి!
పిర్ర కాల్తాది గానీ
తిరగమన్న కాడ తిరుగుతాది."

కొనేవాళ్లం కాదు.
ధర పక్క సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాం,
అచ్చుతప్పేమోనని.
అయినా వంకలు పెట్టడం మానలేదు.
పెళ్లికొడుకు కన్నా
పెళ్లిళ్ల పేరయ్యకే పట్టింపులెక్కువ.

చివరికి కుసుమే అంది,
"నోటితో ఎన్నాళ్లు తోల్తారు? రండి."

ఘాటు మీద ఆరు మలుపులు ఎంచుకున్నాం.
మూడు బస్తాలు, ఒక్కోటీ అరవై కిలోలు.
కింద మలుపులో పండా, చేతిలో ఫోను గడియారం.
వెనక నేను, సాక్షిని.

మొదటిసారి బస్తాలు ముందు సీట్లో.
వ్యాను మలుపు మాట వినలేదు.
విన్నాక కూడా ఇంకాస్త నేరుగానే పోయింది,
మా నాన్నలా.

రెండోసారి వెనక తలుపుకి ఆనించాం.
తోక ముందు తిరిగింది,
నా గుండె తర్వాత.
కుసుమ ఒరియాలో ఎవర్నో తిట్టింది.
పిట్టగోడ మీది కోతులు
తింటున్నది ఆపి చూశాయి.

మూడోసారి మధ్యలో.
ఒకటి నా ఒళ్లో, రెండు చెరోపక్క.

ఏమీ జరగలేదు.
మలుపు వచ్చింది, మలుపు పోయింది.
అల్లం వాసన ఒకసారి ఎడమకి,
ఒకసారి కుడికి ఒరిగింది, అంతే.
అద్దంలో కుసుమ మొహం కనిపించింది.
పదకొండేళ్ల దారిని
ఇవాళే ఎవరో పరిచయం చేసినట్టుంది.

పండా అంకెలు చూసి తల గోక్కున్నాడు.
మధ్య బస్తాలకే
తొమ్మిది సెకన్లు ఎక్కువ పట్టింది.

"ఎందుకు నిదానించేవు?"

"బావుంది గదా. అందికే."

ఆ జవాబుకి పండా కాగితంలో గడి లేదు.
కాసేపు రాశాడు, కొట్టేశాడు,
పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
నేను మాత్రం జర్మనీ దాన్ని వదల్లేదు.
ఓడినా ముక్కు ముక్కే.

మూడుసార్లు ఎక్కి దిగేసరికి పొద్దెక్కింది.
సాలూరులో అప్పటికే
అల్లం కిలోకి రెండు రూపాయలు పడిపోయింది.
కుసుమ పత్రిక వెనక అట్ట మీద రాసింది:
కారు ఖర్చు, మూడొందల అరవై.

తలా నూట ఇరవై వేసుకున్నాం.
పండా చిల్లర లేదని
ఇరవై ఇంకా బాకీ.